కెన్యాకు పోయిన మోటరు డబ్బా

సిద్దిపేటల నాది మోటరు వైండింగు షాపు. కాలిపోయిన మోటర్లు నా కాడికి వస్తయ్, రాగితీగె చుట్టి పంపుత. ఏడో తరగతిల బడి ఇడిసిపెట్టిన. బడి గూడ నన్ను చెయ్యిపట్టి ఆపలేదు, ఇద్దరికీ పీడ పోయింది. అసుంటి నేను కెన్యాకు పోయొచ్చిన అంటే మా ఇంటామె ఇప్పటికీ నమ్ముతలేదు. "నిజం చెప్పు, రామగుండం పోయొచ్చినవు కదా?" అంటది. ఆమె కోసం సగం, నా లెక్క ఎన్నడు విమానం ఎక్కనోళ్ల కోసం సగం, ఇది రాస్తున్న.

పోయిన పని ఏందంటే, హైదరాబాదుల ఒక కంపెనీ ఫోన్‌తోని మోటరు నడిపే డబ్బాలు చేస్తది. డబ్బాల సిమ్ముంటది. రైతు మంచంల పండుకొని ఫోన్ కొడితే పొలం కాడ మోటరు చాలవుతది. మా దిక్కు ఈ డబ్బాలు బిగించేది నేనే. కంపెనీ సారుకు వీటిని ఆఫ్రికా రైతులకు అమ్మాలని ఆశ పుట్టింది. సోలార్ మోటర్లకు పెట్టేది కొత్తగ ఒకటి చేపిచ్చిండు. దాన్ని పట్టుకొని పోవాల్సిన ఇంజినీరుకు అదే వారంల పెండ్లి కుదిరింది. కెన్యా కన్న పెండ్లే నయం అనుకున్నడో ఏమో, పెండ్లికే పోయిండు.

"మల్లేశం, నువ్వు పో," అన్నడు సారు. "బిగించుడు ఒక్కటే కాదు. వాళ్లు తీసుకుంటరా చూడు. తీసుకోకపోతే ఎందుకు తీసుకోరో కనుక్కొని రా."

"సార్, నాకు ఇంగ్లీషు రాదు."

"వాళ్లకు తెలుగు రాదు. సరిపాయె."

నైరోబి

ఆఫ్రికా అంటే నిప్పుల కొలిమి అనుకొని పల్చటి అంగీలు పట్టుకపోయిన. దిగంగనే చలికి పండ్లు టకటక కొట్టుకున్నయ్. గుట్టల మీద ఉన్న ఊరట, ఎప్పుడు చల్లగనే ఉంటదట. బయట నా పేరు రాసిన అట్ట పట్టుకొని ఒక పొడుగాటి పిలగాడు నిలబడ్డడు. వారం దినాలు బట్టీ పట్టిన ఇంగ్లీషు ముక్కలన్ని నోటి కాడికి తెచ్చుకున్న. ఆయన చెయ్యి కలిపి, "అన్నా, మంచిగున్నవా? తిన్నవా?" అన్నడు.

నా బట్టీ అంత బూడిదల పోసినట్టయింది. పేరు జోసెఫ్, నాకు తోడుగ సారు మాట్లాడిపెట్టిన మనిషి. హైదరాబాదుల డిగ్రీ చదివిండు. మన భాష క్లాసుల కాదు, చాయ్ హోటల్ల నేర్చుకున్నడు. అందుకే తిట్లు గూడ మంచిగ వస్తయ్. ఈ కథల అక్కడోళ్లు మాట్లాడే మాటలన్ని జోసెఫ్ నాకు తెలుగుల చెప్పినయే అని యాదిల పెట్టుకోండ్రి.

రోడ్డు మీద ఒకామె మక్క కంకులు కాలుస్తున్నది. ఉప్పు, కారం, నిమ్మకాయ చెక్కతోని రుద్ది ఇచ్చింది. కండ్లు మూసుకొని తింటే సిద్దిపేట బస్టాండే. ధర గూడ మన లెక్కకు దగ్గరనే ఉన్నది. నేను నోటు తీస్తే ఆమె పొయ్యి పక్కన చెక్క మీద రంగుతోని రాసిన నంబరు చూపెట్టింది. జోసెఫ్ బొత్తాల ఫోన్ తీసి టిక్కుటిక్కున నొక్కిండు, పైసలు పోయినయ్.

"ఎప్పటి సంది తీసుకుంటున్నవమ్మా ఫోన్ల పైసలు?" అని అడిగిపిచ్చిన.

"నా బిడ్డ పుట్టకముందు సంది."

ఆ బిడ్డ పక్కనే నిలబడ్డది. నా భుజం దాక ఉన్నది.

నాకు అక్కడనే ఒక అనుమానం తగిలింది. ఈ దేశపోళ్లకు ఫోన్ అంటే భయం ఉంటది, మనం పోయి భయం తియ్యాలె అనుకొని బయలెల్లిన నేను. మన దిక్కు కంకులమ్మేటోళ్లు నిన్న మొన్న మొదలువెట్టింది ఈమె ఎన్నేండ్ల కిందనే మొదలువెట్టింది. మరి గిట్లాంటోళ్లు మోటరు డబ్బా ఎందుకు తీసుకోరు?

మటాటు

డబ్బా బిగించాల్సిన ఊరికి మటాటుల బయలెల్లినం. మటాటు అంటే వాళ్ల సెవన్ సీటర్ ఆటో అనుకోండ్రి, కాకపోతే ఇంకింత పెద్దగుంటది. బండి నిండ బొమ్మలు, లోపట చెవులు పలిగే పాటలు. కండక్టరు తలుపుకు వేలాడుకుంట రోడ్డు మీద పోయే ప్రతి మనిషిని ఎక్కుమంటడు, ఇంటికి పోయేటోన్ని గూడ. అది చూస్తే నాకు పానం లేచొచ్చింది. మనూరే కదా ఇది.

ఒక మూల మలుపుల నా ఒడిల ఉన్న డబ్బా సంచి జారి కిందపడ్డది. అంతే, నా ముందామె "పోలె" అన్నది. వెనకాయన "పోలె" అన్నడు. సంచిల కోడిని పెట్టుకున్న ముసలమ్మ గూడ "పోలె" అన్నది. ఏందని అడిగితే "సారీ అంటున్నరన్నా" అన్నడు జోసెఫ్.

"వాళ్లేం చేసిన్రు? పడేసుకున్నది నేనే కదా?"

"నీకు కష్టమైంది కదా, అందుకంటరు."

మన బస్సుల అయితే "చూసుకొని పట్టుకోవద్దా? మెదడు ఇంట్ల పెట్టొచ్చినవా?" అంటరు. నాకైతే మన మాటనే అలవాటు. తప్పు లేనోళ్లు సారీ చెప్తుంటే ఎటు చూడాల్నో తెలువలేదు.

ఇంకో ముచ్చట. ఆడ మన దేశపోడంటే దుకాణదారే. పక్కనాయన "నీ షాపు ఏ బజార్ల?" అని అడిగిండు. "సిద్దిపేట పాత బస్టాండు వెనక" అన్న. నైరోబిల అది ఏ దిక్కున్నదో అని ఆయన చానసేపు ఆలోచన చేసిండు.

ఇసుక వాగు

ఊరు కనవడకముందే వాగు కనవడ్డది. నీళ్లు లేవు, అంత ఇసుకనే. ఆడోళ్లు ఇసుకల చెలిమెలు తీసి, ఊరిన నీళ్లు గిన్నెతోని ముంచి డబ్బాలల్ల పోస్తున్నరు. నా చిన్నప్పుడు మా కొండపాక దిక్కు ఎండకాలం చేసింది గిదే పని. మూడు వేల మైళ్లు వచ్చినా, ఆరు వేల మైళ్లు వచ్చినా చెలిమె తీసే చెయ్యి గట్లనే ఒంగుతది.

వాగు ఒడ్డుకు ఒక బాయి, బాయిల మోటరు, పక్కన సోలార్ పలకలు. మోటరు నీళ్లను మిట్ట మీది ట్యాంకుకు ఎక్కిస్తది. ఆడికెల్లి పైపులు తోటలకు దిగుతయ్. ప్రతి తోటకు ఒక వాల్వు.

"ఈ మోటరు ఎవరిది?" అని అడిగిన.

"తొమ్మిదిండ్లది."

"అది కాదు తమ్మీ, ఎవరి పేరు మీదున్నది?"

"తొమ్మిదిండ్లదన్నా."

మూడుసార్లు అడిగిన. మూడుసార్లు గదే చెప్పిన్రు. మన కాడ ఒక్క మోటరు మీద ఇద్దరన్నదమ్ములు ఉంటేనే పంచాయితీ ఠాణా దాక పోతది.

నేను దిగింది మామా మ్వెండె ఇంట్ల. ఆమె సొంత పేరు మ్వెండె కాదు, అది పెద్ద బిడ్డ పేరు. ఆడ తల్లిని పిల్లల పేరుతోనే పిలుస్తరు. మా అవ్వను గూడ ఊర్ల ఎవ్వరు పేరుతోని పిలువరు, "మల్లిగాని అవ్వ" అంటరు. గా లెక్క నాకు అర్థమైంది. కాని ఆడమనిషిని పట్టుకొని మామా మామా అననీకె మొదటి దినం నోరు రాలేదు. మా అవ్వ తమ్ముడు యాదికొస్తుండె.

రాత్రి తిండి ఉగాలి. మక్క పిండితోని చేసే మన గటకనే, కాకపోతే కత్తితోని కోసేంత గట్టిగుంటది. దాంట్లకు ఆకుకూర. నేను సంచిలకెల్లి మామిడికాయ తొక్కు తీసి పెట్టిన. మామా మ్వెండె ఒక ముక్క నోట్ల ఏసుకున్నది. కండ్లల్ల నీళ్లు కారినయ్, ముక్కు కారింది. చెయ్యి అడ్డంపెట్టి ఏదో అన్నది.

"వద్దంటున్నదా?"

"ఇంకొంచెం వెయ్యమంటున్నది," అన్నడు జోసెఫ్.

ఆ మోటరు తాళంచెవి ఆమె కాడనే ఉంటది, నడుముకు గుడ్డల ముడేసుకుంటది. రోజు పొద్దున తొమ్మిదిండ్లకెల్లి మనిషొకరు బాయి కాడికి రావాలె. ఇయ్యాల వంతు ఎవరిదో అందరి ముందట నోటితోని చెప్తరు. నిన్నటోళ్లు వాల్వు బంద్ చేసిన్రా లేదా అందరు చూస్తరు. అప్పుడు ఆమె తాళం తిప్పుతది. నేను డబ్బా బిగించిన మర్నాటి వంతు ఆమెదే. బిగించిన దినం సాయంత్రమే టమాట నారు నాటింది. చేతివేలంత మొక్కలు. పొద్దున నీళ్లు పడకపోతే ఎండకు నిలువయ్.

డబ్బా బిగించుడు

ఇగ నా పని. రెండో దినం డబ్బా బిగించిన, సిమ్మేసిన. నంబరు ఎక్కించాలె. మన కాడ రైతు నంబరు ఒక్కటే ఎక్కిస్తం. అలవాటు మీద "పెద్ద ఎవరు?" అని అడిగిన. సంఘం పెద్ద ముటువా టోపీ సవరించుకుంట ముందుకొచ్చిండు. నవ్వు మొఖం మనిషి. ఆయన నంబరే ఎక్కించిన.

మామా మ్వెండె తాళంచెవి పట్టుకొని నిలబడ్డది. "మరి ఇది?" అన్నది.

"ఇగ దాంతోని పనిలేదు మామా. ఇంట్ల పండుకొని నడిపియ్యొచ్చు."

ఆమె నవ్వలేదు. "పండుకొని ఎందుకు నడిపియ్యాలె?" అని అడిగింది.

గప్పుడు నేను ఉపన్యాసం మొదలువెట్టిన. మా దిక్కు ఒకప్పుడు కరెంటు అర్ధరాత్రి ఇచ్చేటోళ్లు, రైతు చీకట్ల పొలం పోతే పాము కరిచేది, షాకు కొట్టేది, గా కష్టంలకెల్లి పుట్టిందే గీ డబ్బా అని చెప్పిన. అందరు అయ్యో అన్నట్టు తలకాయలూపిన్రు. "పోలె" గూడ అన్నరు. ఆఖరుకు ముటువా అడిగిండు:

"మాది ఎండతోని నడిచే మోటరు. రాత్రి ఎట్లనన్న నడువది. మేం చీకట్ల ఎందుకొస్తం?"

అందరు నవ్విన్రు. నేను గూడ నవ్విన, ఏం చేస్త? రాత్రి కరెంటుకు కనిపెట్టిన మందును రాత్రి మోటరే నడువని ఊరికి విమానంల మోసుకొచ్చిన.

టమాట నారు

తెల్లారి మామా మ్వెండె, మిగితా ఎనిమిదిండ్లోళ్లు ఎప్పటి లెక్కనే వాగుకు పోయిన్రు. ఎనక నేను, జోసెఫ్. దూరంకెల్లే మోటరు చప్పుడు వినవడ్డది. తాళం ఆమె నడుముకే ఉన్నది, మోటరు మాత్రం నడుస్తున్నది.

సంగతేందంటే, ముటువా పొద్దుగాలనే పక్కూరి అంగడికి పోయిండు. ఆడ చాయ్ కొట్టుల దోస్తులకు చూపెట్టనీకె ఫోన్ కొట్టిండు. "చూడున్రి, ఈడ నొక్కితే ఆడ నీళ్లు!" ముందు దినం వంతు ఆయనదే, ఆయన తోట వాల్వు ఇంక తెరిచే ఉన్నది. ట్యాంకు నీళ్లన్ని ఆయన మక్క చేనుకు పోయినయ్. బాయి అడుగంటింది. ఖాళీ బాయిల మోటరు ఒట్టిగ తిరుగుతున్నది, ముట్టుకుంటే పెనం లెక్క కాలుతున్నది.

నేను ఉరికి బంద్ చేసిన. బాయి ఎండితే మోటరు దానంతట అదే ఆగాలె, డబ్బాల దానికో వైరు ఉంటది. ఎందుకు ఆగలేదని మూత తీసిన. ఆ వైరు ఊడి ఉన్నది. ఊడగొట్టింది ఎవరో కాదు, నేనే. మా దిక్కు డబ్బా బిగించంగనే రైతు అనే మొదటి మాట, "ఆ వైరు పీకెయ్ మల్లేశం, అడుగు బొట్టు దాక గుంజాలె" అని. ఎన్నేండ్ల సంది పీకుతున్ననో. కెన్యాల ఎవ్వరు అడుగకముందే నా చెయ్యి పీకేసింది.

ఆడోళ్లంత నా చుట్టు చేరి గట్టిగట్టిగ ఒర్రుతున్నరు. జోసెఫ్ మెల్లగ నా చెవుల అన్నడు:

"అన్నా, ఇది తెలుగుల చెప్పాల్నా?"

"వద్దు తమ్మీ. మంచిగ అర్థమైతుంది."

మామా మ్వెండె మాత్రం మిట్టెక్కి తోట దిక్కు పోయింది. ఎండ ఎక్కుతుంటే టమాట నారు తలలు వంచుతున్నది. ఇసుకల నీళ్లు ఊరి బాయి నిండాల్నంటే సాయంత్రమైతది, అప్పటికి ఎండ ఉండదు, మోటరు నడువది. ఇగ ఒక్కటే తొవ్వ, చెలిమెలు తీసి మొయ్యాలె.

వాళ్లు పసుపు డబ్బాలకు పట్టీ కట్టి, ఆ పట్టీని నెత్తి ముందట ఏసుకొని ఈపు మీద మోస్తరు. నేను గూడ ఏసుకున్న. పది అడుగులు ఏసిన్నో లేదో పట్టీ జారి ముక్కు మీదికొచ్చింది, డబ్బా ఒక దిక్కు, నేనొక దిక్కు పడ్డం. అప్పటి దాక ఒర్రినోళ్లు కింద కూసొని కడుపు పట్టుకొని నవ్విన్రు. "పోలె" అనుడు గూడ మర్చిపోయిన్రు. ఆ తర్వాత చెరో చేతిల చిన్న డబ్బా పట్టుకొని పెండ్లిల నీళ్లు పోసెటోని లెక్క తిరిగిన. మాపటి వరకు ముప్పావు నారు నిలిచింది. మిగిలింది పోయింది.

ముటువా మాపటికి అంగడికెల్లి రొట్టె ప్యాకెట్ పట్టుకొని సంబురంగ వచ్చిండు. సంగతి విని ఆయన మొఖంల నవ్వు పోయింది. "వాల్వు బంద్ చేసుడు మర్చిపోయిన, దేవుని మీద ఒట్టు" అన్నడు.

మామా మ్వెండె మట్టి చేతులు దులుపుకుంట అన్నది: "నువ్వు నిజమే చెప్తున్నవు కావచ్చు ముటువా. కాని నిన్నటి దాక నిన్ను నమ్మాల్నా వద్దా అని ఆలోచన చేసే పని నాకు పడలేదు. నా కండ్ల ముందటనే నువ్వు వాల్వు బంద్ చేస్తుంటివి."

రేకుల చర్చిల

మర్నాడు రేకుల చర్చిల బెంచీల మీద కూసున్నరు. డబ్బా ఉంచుడా, తీసుడా?

నేను లేచి తొమ్మిదిండ్ల నంబర్లు ఎక్కిస్త అన్న. అది గూడ కుదరలేదు, ఒకామె ఫోన్ మొగుని కాడ నైరోబిల ఉంటది. ఇంకొకామె ఫోన్ చార్జింగుకు దుకాణంల పెడితే రెండు దినాలు ఆడనే ఉంటది. మామా మ్వెండె అన్నది, "ఇప్పుడు ఒక్క ముటువా మీదనే అనుమానం. తొమ్మిది నంబర్లు పెడితే తొమ్మిదిండ్ల మీద అనుమానం."

తర్వాత నా దిక్కు తిరిగి అడిగింది: "మీ ఊర్ల నువ్వు మోటరు నడిపిస్తుంటే ఎవరు చూస్తరు?"

"ఎవ్వరు చూడరు మామా. ఎవరి బోరు వాళ్లది."

"నీ బోరు గుంజితే పక్కోని బోరు ఎండదా?"

ఉన్నదున్నట్టు చెప్పిన. ఎండింది. నా పొలంల నేను వందల ఫీట్లు బోరు ఏస్తే పక్కోడు ఇంకింత లోతుకు పోయిండు, వాణ్ని చూసి నేను మళ్ల ఏపిచ్చిన. ఒక ఎండకాలం ఇద్దరికీ దుమ్మే వచ్చింది.

"మరి ఇప్పుడు నీళ్లు ఎట్లొచ్చినయ్?"

"పెద్ద రిజర్వాయరు కట్టిన్రు. మా అక్కను ఇచ్చిన వేములఘాట్ ఊరు దాంట్ల మునిగింది. ఆ నీళ్లే మాకు కాలువల వస్తయ్. నా పొలం పచ్చగున్నది. అక్క మాత్రం కాలువ దిక్కు చూడదు."

జోసెఫ్ అది వాళ్లకు చెప్పిండు. బెంచీల మీదకెల్లి "పోలె" అని మెల్లగ వినవడ్డది. ఈసారి నాకు ఎటు చూడాల్నో తెలిసింది, కిందికి చూసిన.

మామా మ్వెండె లేచి డబ్బా కాడికి వచ్చింది. "నువ్వు పీకిన వైరు ఏది?"

చూపెట్టిన.

"బాయిల నీళ్లు అయిపోతే మోటరును అదే ఆపుతదా? ఎవరి వంతయినా సరే?"

"ఎవరి వంతయినా."

"ఫోన్ లేకుంటె గూడ?"

"ఫోన్‌తోని దానికి సంబంధమే లేదు."

వాళ్లు వాళ్ల భాషల చానసేపు మాట్లాడుకున్నరు. ముటువానే లేచి చెప్పిండు: "సిమ్ము తియ్యి. వైరు కట్టు. తాళంచెవి మామా మ్వెండె కాడనే ఉంటది."

గట్లనే చేసిన. సిమ్ము తీసి ముటువా చేతుల పెడితే, తేలును పట్టుకున్నట్టు పట్టుకొని నాకే తిరిగిచ్చిండు.

సాయంత్రం కంపెనీ సారు ఫోన్ చేసిండు. "ఏమాయె మల్లేశం? తీసుకున్నరా?"

"సగం తీసుకున్నరు సార్."

"సగమేంది? ఏ సగం?"

"ఫోన్ లేని సగం."

సారు ఫోన్ల ఒర్రిండు. "మనం అమ్మేది ఫోనే కదరా!"

"అవు సార్. మన రైతులు పీకేసేది వీళ్లు ఉంచుకున్నరు, మన రైతులు ఉంచుకునేది పీకేపిచ్చిన్రు. ఎందుకో కనుక్కొని రమ్మన్నరు కదా, కనుక్కున్న. చెప్పాల్నా?"

"వచ్చినంక చెప్పు. రోమింగు బిల్లు నాది."

ఆఖరి పొద్దున

నేను తిరిగొచ్చే దినం పొద్దున మళ్ల బాయి కాడికి పోయిన. నారు పోయినందుకు ఆ దినం వంతు గూడ మామా మ్వెండెకే ఇచ్చిన్రు. తొమ్మిదిండ్లోళ్లు నిలబడ్డరు. ముటువా బంద్ ఉన్న తన వాల్వును ఇంకోసారి బిగించి, అందరు చూసిన్రా లేదా అని రెండుసార్లు వెనకకు తిరిగి చూసిండు. ఆమె ముడి విప్పి తాళం తిప్పింది. నీళ్లు మిట్టెక్కినయ్, టమాట సాళ్లల్లకు దిగినయ్.

ఇంక రెండు సాళ్లు తడువాల్సి ఉండంగ టక్కుమని మోటరు ఆగింది. బాయిల నీళ్లు అడుగుకు దిగినయ్, ఆ వైరు ఆపింది. తాళం బంద్ చేసి మళ్ల తిప్పితే మోటరు ఇంకో రెండు నిమిషాలు గుంజుతదని వాళ్లకు నేనే చెప్పిన. రెండు సాళ్లకు అది చాలు. ఆమె చెయ్యి తాళం మీదనే ఉన్నది. రెండు దినాలు ఈపు మీద నీళ్లు మోసి నిలవెట్టుకున్న నారు.

అందరు ఆమె దిక్కే చూస్తున్నరు.

ముటువా టోపీ ఎనకకు జరుపుకొని అన్నడు: "తిప్పు మామా, తిప్పు. ఎవ్వరు చూస్తలేరు."

తొమ్మిదిండ్లోళ్లు గొల్లున నవ్విన్రు. అందరికన్న గట్టిగ నవ్వింది మామా మ్వెండెనే. నవ్వుకుంటనే తాళంచెవి గుంజి, గుడ్డల ముడేసుకొని, పసుపు డబ్బా చేతికి తీసుకొని వాగులకు దిగింది. ఆమె ఎనక ముటువా గూడ డబ్బా పట్టుకొని దిగిండు.